జైలు, కోర్టు, జువెనైల్ బోర్డు దగ్గర సోషల్ వర్క్ చెయ్యాలంటే దారి ఏది? నల్లగొండ, పాలమూరు వాళ్లు చెప్పండి

దేవరకొండ బిడ్డ
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర తండా. ఈ సంవత్సరం బీఏ అయిపోయింది. నాయిన బీఎడ్ చెయ్యమంటుండు. నాకేమో వేరే పని మనసుల పడ్డది. దాని పేరేందో కూడా సరిగ్గ తెల్వదు, అందుకే అడుగుతున్న.

పోయినేడు మా చిన్నాయిన మీద బోరు మోటర్ దొంగతనం కేసు పెట్టిన్రు. పన్నెండో రోజుకే బెయిల్ వచ్చింది. ఇంటికి వచ్చింది మాత్రం 51వ రోజు. ఇద్దరు జామీనుదారులు కావాలన్నరు, ఇంటి పన్ను రసీదులు తెమ్మన్నరు. మా తండాల సగం ఇండ్లకు నంబర్లే లేవు. పోడు భూమికి పాస్‌బుక్ లేదు. మా చిన్నమ్మ మూడు ఊర్లు తిరిగింది. ఒకాయన సంతకం పెడ్తగని ఆరు వేలు ఇయ్యమన్నడు.

నెల దాటినంక ఒక మేడమ్ తండాకొచ్చింది. మా వాకిట్ల మంచం మీద కూసొని ఒక్కొక్కటి అడిగింది. ఎంత భూమి, ఎవరికి ఎంత అప్పు, పిల్లలు ఏం చదువుతున్నరు, ముసలామెకు బీపీ గోలీలు ఎవరు తెస్తరు. మా చిన్నమ్మకు తెలుగు అంతంతే, నేనే లంబాడీల నుంచి తెలుగుల చెప్పిన. వారం తర్వాత కోర్టు జామీనుదారులు లేకుండ సొంత పూచీకత్తు మీద వదిలిపెట్టింది. ఆ మేడమ్ రాసిన రెండు పేజీలు చూసే జడ్జి ఒప్పుకున్నరని వకీల్ సాబ్ చెప్పిండు.

నాకు ఆ పని చెయ్యాలని ఉన్నది. ఆమెది ఏం ఉద్యోగం? ఏం చదవాలె? ఆడపిల్ల జైలుకు పోయి పని చెయ్యొచ్చా? దాని మీద బతకొచ్చా? నాయినకు చెప్పాలె కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పండి.


గద్వాల టు పాలమూరు
ఆదివారం, రాత్రి 11:15

బిడ్డా, ఆ పని నువ్వు ఇప్పటికే ఒక రోజు చేసినవ్. మీ చిన్నమ్మ మాట ఆ కాగితం మీదికి వచ్చింది నీ నోటి నుంచే గదా.

ఆ మేడమ్ ఇద్దర్ల ఎవరో ఒకరు అయి ఉంటది. ఉచితంగ వకీలును ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ పంపిన పారా లీగల్ వాలంటీర్ (చట్టం సాయం అందేటట్టు చూసే మనిషి) గానీ, మనిషి పరిస్థితి మీద కోర్టుకు నివేదిక రాసే జిల్లా ప్రొబేషన్ ఆఫీసర్ తరఫు మనిషి గానీ. రెండు దార్లు వేరు. మొదటిది జీతం ఉద్యోగం కాదు, పని చేసిన రోజుకు గౌరవ వేతనం ఇస్తరు. రెండోది సర్కారు కొలువు.

నా సంగతి చెప్తే నీకు దారి కొంత అర్థమైతది. మాది గద్వాల దిక్కు. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) అయినంక మొదట పత్తి విత్తనాల చేన్లల్ల పిల్లల పని మానిపిచ్చే ఒక స్వచ్ఛంద సంస్థల చేరిన. పొద్దుగాల చేన్లకు, మాపటికి ఇండ్లకు తిరుగుడే. తర్వాత జిల్లా బాలల పరిరక్షణ విభాగంల సోషల్ వర్కర్. ఆ తర్వాత ప్రొటెక్షన్ ఆఫీసర్. ఇప్పుడు జువెనైల్ జస్టిస్ బోర్డుల (18 ఏండ్ల లోపు పిల్లల మీది కేసులు చూసేది) సభ్యురాలిని. బోర్డుల ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటరు, ఆ ఇద్దర్ల ఒక్కరన్న ఆడామె ఉండాలని 2015 చట్టంలనే రాసి ఉంది. పిల్లల పనిల ఏడేండ్ల అనుభవం అడుగుతరు. మూడేండ్ల పదవీకాలం.

ఇగ అసలు పని. చట్టంతో చిక్కువడ్డ పిల్లవాణ్ని మొదటిసారి బోర్డు ముందు పెట్టిన రోజు నుంచి 15 రోజులల్ల సామాజిక పరిశోధన నివేదిక రావాలె. దానికి ఫారం 6 అని ఉంటది. ఇల్లు, సంపాదన, చదువు, దోస్తులు, ఇంట్ల తాగుడు, కొట్టుడు, ఇరుగు పొరుగు ఏమంటరు, ఎందుకిట్ల అయింది, ఏం చేస్తే బాగుపడ్తడు, అన్నీ రాయాలె. ఆఫీసుల కూసొని కూడా నింపొచ్చు ఆ ఫారాన్ని. నింపేటోళ్లను చూసిన. అట్ల నింపితే అందరి కాగితాలు ఒక్క తీరే ఉంటయ్, ‘చెడు సావాసాలు, తండ్రి తాగుబోతు’ అని.

ఒకసారి నారాయణపేట దిక్కు ఒక పిలగాడు, సెల్‌ఫోన్ దొంగతనం. కాగితంల వయసు 19 అని ఉన్నది, పెద్దల జైలుకే పంపిన్రు. తల్లి ములాఖత్‌కు రాలేదు, కుటుంబం వదిలేసిందని అందరనుకున్నరు. నేను ఊరికి పోయిన. తల్లి గుంపు మేస్త్రి వెంట పుణెకు వలస పోయింది, కొడుకు జైలుల ఉన్న సంగతే ఆమెకు తెల్వదు. ఇంట్ల ముసలవ్వ, రెండు మేకలు. బడికి పోయి హాజరు పట్టీలు తిప్పితే పుట్టిన తేదీ దొరికింది, 16 ఏండ్లు నిండి నాలుగు నెలలు. వయసు తేల్చాలంటే మొదట బడి సర్టిఫికెట్టే చూడాలె, అది లేకుంటే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధృవపత్రం, ఏదీ లేనప్పుడే బొక్కల పరీక్ష. ఆ సర్టిఫికెట్ కాపీ కోర్టుల పెడితే పిలగాడు జైలు నుంచి బోర్డుకు వచ్చిండు. హెడ్‌మాస్టర్ ఆ రోజు సెలవుల ఉంటే నేను రెండోసారి మళ్ల 70 కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది. పోకపోయి ఉంటే? ఇప్పటికీ అదే అనుకుంట.

జైలుకు ఆడోళ్లు పోవచ్చు. సూపరింటెండెంట్ అనుమతితోని, సిబ్బంది ఎదురుంగనే మాట్లాడుతం. ఇన్నేండ్లల్ల లోపల నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. భయం అంతా ఒంటిగ ఊర్లకు పోయి, పొద్దువోయినంక తిరిగి వచ్చే తొవ్వల. దానికి జాగ్రత్త పడాలె.


కోర్టు మెట్లు
సోమవారం, ఉదయం 7:05

నేను నల్లగొండలో న్యాయవాదిని. పై అక్క చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంత కలుపుతాను. చెల్లెమ్మ ఒకటి తెలుసుకోవాలి: మీ చిన్నాన్నకు ఎవరూ దయ చూపించలేదు, రావలసిందే వచ్చింది, అదీ ఆలస్యంగా.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బెయిల్ ఉత్తర్వు అదే రోజు గానీ మర్నాడు గానీ జైలుకు చేరాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. కార్యదర్శి పారా లీగల్ వాలంటీర్‌ను గానీ, జైలుకు వెళ్లే న్యాయవాదిని గానీ పంపి సాయం చేయించాలి. ఆ ఖైదీ ఆర్థిక, సామాజిక పరిస్థితి మీద ప్రొబేషన్ ఆఫీసర్లతోనో వాలంటీర్లతోనో నివేదిక రాయించి, షరతులు సడలించమని కోర్టును అడగవచ్చు. నెల దాటినా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు మార్చే విషయం ఆలోచించవచ్చు. స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టడం వల్ల విడుదల ఆగుతుంటే ఆ షరతు పెట్టవద్దని కూడా అందులో ఉంది.

ఈ చివరి మాట పాలమూరు వలస కూలీలకు ప్రాణం లాంటిది. ముంబైలో పట్టుబడ్డ మక్తల్ మనిషికి ముంబైలో ఇల్లున్న జామీనుదారు ఎక్కడ దొరుకుతాడు? 1978లోనే మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇదే అడిగారు. అక్కడ నిందితుడు ఒక తాపీమేస్త్రి. పదివేల జామీను అడిగారు, తమ్ముడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. ఎక్కడో చాందినీ చౌక్‌లోనో బస్తర్‌లోనో అరెస్టయిన తెలుగువాడు ఏం చేయాలని ఆ తీర్పులో తెలుగువాళ్ల ప్రస్తావన కూడా ఉంది. నలభై అయిదేళ్ల తర్వాత అదే మాట మళ్లీ చెప్పవలసి వచ్చింది. నాకు కోపం వచ్చేది అందుకే.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 479 ఉంది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లు, గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హులు. మిగతావాళ్లకు సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు, ఒకటికి మించి కేసులున్నా చిక్కే. దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే. ఈ లెక్క కట్టి, పేర్లు తీసి, కాగితం కదిలించే మనుషులు కావాలి. వకీళ్లతో అయ్యే పని కాదు ఇది.

2023లో పేద ఖైదీల సాయం పథకం కూడా వచ్చింది. అప్పటి నియమాల్లో జరిమానా కట్టలేని శిక్షాఖైదీకి 25 వేల దాకా, పూచీకత్తు పెట్టలేని విచారణ ఖైదీకి 40 వేల దాకా అన్నారు. కొన్ని రకాల నేరాలకు వర్తించదు. ఎవరికి నిజంగా గతి లేదో తేల్చడానికి మళ్లీ ఇల్లు చూసి వచ్చే మనిషే అవసరం.

చదువు సంగతి ఒకటి. బాలల పరిరక్షణ విభాగంలో ‘లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్’ పోస్టుకు ఎల్‌ఎల్‌బీ అడుగుతారు. ఎమ్మెస్‌డబ్ల్యూ ఒక్కటే సరిపోదు. ఆ ఆలోచన ఉంటే తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల లా చేయొచ్చు.


వెనక్కొచ్చినోణ్ని
సోమవారం, మధ్యాహ్నం 1:30

మిర్యాలగూడ నుంచి. నేను నాలుగేండ్లు ఈ పని చేసి మానేసిన. చెల్లెను భయపెట్టాలని కాదు, నిజం అడిగింది కాబట్టి రాస్తున్న.

నేను చేసిన సంస్థ పేరు వద్దు. ఐదు నెలలు జీతం రాలేదు. పెట్రోలు నా జేబుల నుంచే. ప్రాజెక్టు మార్చిల అయిపోయింది, మమ్మల్ని ఇంటికి పొమ్మన్నరు. అప్పటికి నా దగ్గర 30 మంది పిలగాండ్ల ఫైళ్లున్నయ్. మళ్ల వారం వస్తనని ఒక పిలగానికి మాటిచ్చిన, పోలేకపోయిన. పైసలకంటే నన్ను అది ఎక్కువ తిన్నది. ఇప్పుడు ప్రైవేటు బడిల సోషల్ చెప్తున్న.

చేరేముందు అడగాల్సినవి అడుగు. జీతం ఎక్కడి నుంచి వస్తది, ప్రాజెక్టు ఎన్ని నెలలు, ప్రయాణ ఖర్చు ఎవరిది, నువ్వు మానేస్తే ఫైళ్లు ఎవరు చూస్తరు. ఆఖరుది ఎవరూ అడగరు.


గద్వాల టు పాలమూరు
సోమవారం, రాత్రి 8:50

మిర్యాలగూడ తమ్మీ, నీ మాటల ఒక్కటి కూడా తప్పు లేదు. మంచిగ రాసినవ్. ఆ పిలగాని సంగతి మనసుల పెట్టుకోకు అని చెప్పను, నాకూ అసోంటివి రెండున్నయ్.

జీతాలు ఉన్నదున్నట్టు: పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం 2022 నియమాలల్ల ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు నెలకు 27,804, సోషల్ వర్కర్‌కు 18,536, ఊర్లు తిరిగే అవుట్‌రీచ్ వర్కర్‌కు 10,592 రూపాయలు. కాంట్రాక్టే. అన్నిటికంటె ఎక్కువ తిరిగేటోళ్లకు అన్నిటికంటె తక్కువ. ఇది మారాలని నేను కూసున్న ప్రతి మీటింగుల చెప్తున్న, చెప్తనే ఉంట.

దేవరకొండ బిడ్డా, చదువుకు: ఏ డిగ్రీ అయినా ఎమ్మెస్‌డబ్ల్యూకు పోవచ్చు, రెండేండ్లు. సీపీగెట్ అనే పీజీ ఎంట్రెన్స్ రాయాలె. పాలమూరు యూనివర్సిటీల ఉన్నది, ఉస్మానియాల ఉన్నది, హైదరాబాద్‌ల రోడా మిస్త్రీ కాలేజీ ఉన్నది. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌ల అయితే నేర న్యాయం మీదనే ప్రత్యేకంగ చదువు ఉంది. వాళ్ల ప్రయాస్ అనే ప్రాజెక్టు 1990 నుంచి జైళ్లల్ల, పోలీస్ స్టేషన్లల్ల సోషల్ వర్కర్లను పెట్టి పని చేస్తున్నది. ఎక్కడ చదివినా సరే, ఫీల్డ్‌వర్క్ కోసం కోర్టు, జైలు, అబ్జర్వేషన్ హోం (కేసుల్ల ఉన్న పిల్లలను ఉంచే చోటు) అడిగి తీసుకో. అడగకుంటే ఏదో ఆఫీసుల రిజిస్టర్లు రాయిస్తరు.


గ్రూప్స్ ప్రిపరేషన్
సోమవారం, రాత్రి 9:30

సర్కారు కొలువు కావాలంటే గ్రూప్-2 చూడండక్కా. 2022 నోటిఫికేషన్‌లో 783 పోస్టులుంటే అందులో జిల్లా ప్రొబేషన్ ఆఫీసర్ పోస్టులు 11. తక్కువే కానీ ఉన్నాయి. చాలామంది ఆ పోస్టు ఏం చేస్తుందో తెలియక ఆప్షన్లలో కింద పెడతారు.


కోర్టు మెట్లు
సోమవారం, రాత్రి 10:10

ఆ పోస్టు ఏం చేస్తుందో చెప్పాలి కదా. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఉంది. మరణశిక్ష, యావజ్జీవం పడని నేరాల్లో, మనిషి స్వభావం, పరిస్థితులు చూసి జైలుకు పంపకుండా మంచి ప్రవర్తన బాండు మీద కోర్టు వదలవచ్చు. దోషికి 21 ఏళ్ల లోపు ఉంటే, జైలు శిక్ష వేసేముందు ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక తెప్పించుకోవాలని సెక్షన్ 6 చెబుతోంది. మేం వకీళ్లం కూడా వాదనలయ్యాక, శిక్ష రోజున, ఈ సెక్షన్ గుర్తుచేయడం మరిచిపోతాం. నేనూ మరిచిపోయాను, ఒక ఇరవై ఏళ్ల కుర్రాడి కేసులో.


జడ్చర్ల వైర్‌మన్
మంగళవారం, రాత్రి 10:45

నేను ఈ గ్రూపుల ఊకె చదువుతగని రాయను. ఈ ముచ్చటకు రాయాలనిపించింది. నేను ఆ పక్క నుంచి వచ్చినోణ్ని. 2011ల నాకు 15 ఏండ్లు. ఏం కేసో వద్దు. సైదాబాద్ హోంల 23 రోజులు ఉన్న.

అక్కడ వచ్చిన ప్రతి ఒక్కలు అదే అడుగుతుండిరి, ఎందుకు చేసినవ్ అని. నలుగురికి నాలుగుసార్లు చెప్పిన. నాలుగోసారి అబద్ధం చెప్పిన, ఎందుకంటే నిజం చెప్పి చెప్పి ఇసుగొచ్చింది. చెల్లే, నువ్వు ఈ పనిలకు పోతే ముందటోళ్లు రాసుకున్నది చదివి పో. పిలగానితోని మళ్ల మొదటి నుంచి చెప్పియ్యకు.

ఒక ప్రొబేషన్ ఆఫీసర్ సారు మాత్రం ఆ ముచ్చటే ఎత్తలేదు. హోంల ఫ్యాను తిరగకుంటే నేను రెగ్యులేటర్ ఇప్పి చూస్తున్న. సారు పక్కన నిలవడి చూసిండు. ఎవరు నేర్పిన్రు అన్నడు. మా మామ అన్న. మా ఊరికి పోయి మామను కలిసిండు, మామ దుకాణంల కూసొని చాయ తాగిండు. రిపోర్టుల కరెంటు పని వస్తది, మామ తన దగ్గర పెట్టుకుంటనన్నడు అని రాసిండు. బోర్డు మామ పూచీ మీద పంపింది. తర్వాత ఐటీఐ చేసిన. రెండేండ్లు నెలకోసారి సారు ఫోన్ చేస్తుండె.

కంపెనీల చేరేటప్పుడు పోలీస్ వెరిఫికేషన్ అన్నరు, నాకు చెమటలు వట్టినయ్. సారుకే ఫోన్ చేసిన. చిన్నప్పటి కేసు కొలువుకు అడ్డం కాదని చట్టంలనే ఉందని సెక్షన్ నంబర్ రాసి పంపిండు. ఆ చీటీ ఇప్పటికీ నా పర్సుల ఉన్నది.


నిర్వాహకులు
బుధవారం, ఉదయం 6:30

సభ్యులకు మనవి. కేసుల్లో ఉన్న పిల్లల పేరు, ఊరు, బడి తెలిసేలా ఎవరూ రాయకండి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం అది నేరం. ఇప్పటిదాకా అందరూ జాగ్రత్తగానే రాశారు.


సూర్యాపేట తల్లి
బుధవారం, మధ్యాహ్నం 12:20

అన్నీ చదివిన. ఒక మాట అడుగుతా, ఎవరూ తప్పు పట్టకండి. తప్పు చేసినవాళ్ల ఇంటికి పోయి ఇంతమంది మాట్లాడుతున్నరు. మా అక్క బిడ్డ పోక్సో కేసులో సాక్ష్యం చెప్పడానికి పోయిన రోజు కోర్టు వరండాలో వాడి చుట్టాలు పది మంది నిలబడ్డరు. మా పిల్ల నీళ్లు కూడ తాగలేదు. దాని పక్కన ఎవరున్నరు? మా అక్క, నేను. మాకే ఏం జరుగుతున్నదో తెల్వదు.


భరోసాలో చేశాను
బుధవారం, సాయంత్రం 5:15

అక్కా, మీరు అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. ఆ రోజు మీ పిల్ల పక్కన ఒక సపోర్ట్ పర్సన్ ఉండాల్సింది. 2020 పోక్సో నియమాల ప్రకారం బాలల సంక్షేమ సమితి, పిల్ల, తల్లిదండ్రుల ఇష్టంతో ఆ మనిషిని నియమిస్తుంది. కేసు మొదటి నుంచి చివరిదాకా ఆ మనిషి వెంట ఉండాలి. వాయిదా ఎప్పుడో చెప్పడం, కోర్టు గది ముందే చూపించడం, ఎవరు ఎక్కడ కూర్చుంటారో బొమ్మ గీసి చెప్పడం, పరిహారానికి దరఖాస్తు పెట్టించడం ఇదంతా వాళ్ల పని. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు పిల్ల కంట పడకుండా చూడాలని, పదే పదే పిలిపించొద్దని చట్టంలోనే ఉంది. మధ్యంతర పరిహారం కూడా ప్రత్యేక కోర్టు ఇవ్వొచ్చు. కేసు ఇంకా నడుస్తుంటే ఇప్పుడైనా సమితి దగ్గర సపోర్ట్ పర్సన్‌ను అడగండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా కలుపుతారు.

నేను బాధిత మహిళలకు, పిల్లలకు సాయం చేసే భరోసా కేంద్రంలో మూడేళ్లు కౌన్సెలర్‌గా చేశాను. కోర్టు ముందురోజు పిల్లను ఖాళీ కోర్టు హాలుకు తీసుకెళ్లేదాన్ని. సాక్షి బోనులో నిలబెట్టి, తన బడి గురించి గట్టిగా చెప్పమనేదాన్ని. గొంతు ఆ గదికి అలవాటు పడాలి. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఒక పిల్లే నాకు నేర్పింది. మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయని భయపడింది.

దేవరకొండ చెల్లీ, ఈ పక్కా అదే చదువే. ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలు, 181 హెల్ప్‌లైన్, 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి రాసే గృహహింస నివేదిక, అన్నిట్లో ఎమ్మెస్‌డబ్ల్యూ వాళ్లు ఉంటారు. నేను రెండు పక్కలా పని చేశాను. బాధితుల దగ్గర పని చేసినవాళ్లే నిందితుల ఇంటికి పోయినప్పుడు బాగా రాస్తారని నా నమ్మకం. అవతలి ఇల్లు వాళ్లకు గుర్తుంటుంది.


సూర్యాపేట తల్లి
బుధవారం, రాత్రి 8:00

కేసు నడుస్తనే ఉన్నది చెల్లె. రేపే అడుగుత. ఖాళీ హాలు సంగతి కూడా అడుగుత.


నల్లమల అక్క
గురువారం, ఉదయం 5:50

నేను అమ్రాబాద్ దిక్కు పారా లీగల్ వాలంటీర్‌ను. పది చదివిన, ఎమ్మెస్‌డబ్ల్యూ ఏం లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థోళ్లు ట్రైనింగ్ ఇచ్చిన్రు. చెంచు పెంటలకు (గూడేలకు) పోత. కొన్నిటికి తొవ్వ లేదు, నడిచే పోవాలె. అక్కడ ఆధార్ల ఒక పేరు, రేషన్ కార్డుల ఒక పేరు, పిలిచేది ఒక పేరు. కోర్టుకు మూడు పేర్లు ఒక్కల్లవే అని నమ్మియ్యాలె. సగం నెల దానికే పోతది.

ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు, పిల్లలకు, కస్టడీల ఉన్నోళ్లకు ఆదాయంతో పని లేకుండ వకీలును ఉచితంగ ఇస్తరు. 1987 చట్టం అది. దానికి ఫోన్ చేసేది 15100 నంబర్. నేను పోయిన ప్రతి ఇంటి దర్వాజ మీద చాక్‌పీసుతోని రాసి వస్త. ఫోన్లల్ల సేవ్ చేసుకోరు, దర్వాజ మీద ఉంటె చూస్తరు.

చెల్లే, ఎమ్మెస్‌డబ్ల్యూ రెండేండ్లు అయ్యేదాక ఆగకు. వాలంటీర్లను తీసుకునేటప్పుడు నల్లగొండల దరఖాస్తు పెట్టు. లంబాడీ వస్తదని పెద్దగ రాయి.


దేవరకొండ బిడ్డ
శనివారం, రాత్రి 9:10

అందరికీ దండాలు. నాయినకు ఇవన్నీ చదివి వినిపిచ్చిన. జీతాల లెక్క విని ఏమనలేదు. వైర్‌మన్ అన్న రాసింది రెండుసార్లు చదివిపిచ్చుకుండు. ‘ఆ సారు ఇప్పుడేడున్నడట’ అని అడిగిండు.

సీపీగెట్ రాస్తున్న. పాలమూరు మొదటి ఆప్షన్. వాలంటీర్ దరఖాస్తు ఎట్ల పెట్టాలో కూడా కనుక్కుంటున్న.

ఇంకొకటి. ఇయ్యాల పక్క తండా ముసలమ్మ నన్ను దేవులాడుకుంట వచ్చింది. కొడుకు నల్లగొండ జైలుల ఉన్నడు, బెయిల్ వచ్చి తొమ్మిది రోజులైందట, జామీనుదారులు లేరు. నేనేం చెయ్యాలె?


కోర్టు మెట్లు
శనివారం, రాత్రి 9:25

ఏడు రోజులు దాటాయి కదా. సోమవారం ముసలమ్మను తీసుకుని నేరుగా జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు రండి. కేసు నంబర్, ఏ కోర్టు, బెయిల్ ఏ తేదీన వచ్చింది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. ఆమె ఆధార్, రేషన్ కార్డు ఉంటే పట్టుకురండి, లేకపోయినా రండి. ఏడు రోజులు దాటినా విడుదల కాలేదని ఒక దరఖాస్తు రాసి ఇవ్వాలి. నేను పదిన్నరకు అక్కడే ఉంటాను.


గద్వాల టు పాలమూరు
శనివారం, రాత్రి 9:40

దరఖాస్తు రెండు కాపీలు రాయి, ఒకదాని మీద ముద్ర కొట్టించుకో. ముసలమ్మ పొద్దున ఏమన్న తిన్నదా అడుగు, కోర్టుల కూసుంటే ఎప్పుడైతదో తెల్వదు.


దేవరకొండ బిడ్డ
శనివారం, రాత్రి 9:52

సరే అక్కా. సోమవారం పొద్దుగాల ఫస్ట్ బస్సుకు పోతున్నం. నాయిన బండి మీద ఇద్దరినీ బస్టాండు దాక దింపుతనన్నడు.